పది పొరలు

మైనపు దిమ్మెలను మంచుగడ్డల ట్రేలో బోర్లా పెట్టి రెబెకమ్మ గోడ గడియారం చూసింది. తొమ్మిదింబావు. మైనం గట్టిపడటానికి పది నిమిషాలు పడుతుంది. ఆలోగా నీళ్ల తొట్టి వేడిచేసే స్విచ్ వేయాలి, బ్రష్షులు రెండూ తుడిచి పెట్టుకోవాలి, కిటికీ రెక్క సగం తెరవాలి. పూర్తిగా తెరిస్తే ఆత్మకూరు బస్టాండు దుమ్మంతా బల్లల మీదికి వస్తుంది. అసలు తెరవకపోతే ఫార్మలిన్ మందు ఘాటుకు కళ్లు మండుతాయి. సగం తెరిస్తే మాత్రం దుమ్ము బయటే ఉండిపోయి, కింద హోటల్లో పెనం మీద కాలుతున్న దోసె వాసన ఒక్కటే లోపలికి వస్తుంది. ఆ సగం సరిగ్గా ఎంతో కనుక్కోవడానికి ఆమెకు ఒక ఏడాది పట్టింది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి. కోత మిషను ముందు స్టూలు ఎక్కితే కాళ్లు నేలకు అందవు. అందుకని కింద రెండు ఇటుకలు వేయించుకుంది. ఏ ఆసుపత్రిలోనైనా మనిషి ఒంట్లోంచి కోసి తీసిన ముక్క ఈ ల్యాబుకు వస్తే, ఆమె దాన్ని మైనంలో పోతపోసి దిమ్మె చేస్తుంది. దిమ్మెను మిషనుకు బిగించి కుడిచేత్తో చక్రం తిప్పుతుంది. ఒక్కో తిప్పుకు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పొర తెగి, దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి అతుక్కుంటూ సన్నని రిబ్బనులా కిందికి జారుతుంది. దాన్ని బ్రష్షుతో ఎత్తి గోరువెచ్చని నీటి మీద వదలాలి. ముడతలు పడి ఉన్న పొర నీటిని తాకగానే ఒళ్లు విరుచుకున్నట్టు మెల్లగా పరుచుకుంటుంది. ముప్పై ఏళ్లు చూసినా ఆ క్షణం ఆమెకు పాతబడలేదు. పొరను గాజుపలక మీదికి ఎక్కించి, రంగు వేసి ఇస్తే, డాక్టరు సురేంద్రబాబు మైక్రోస్కోపు కింద చూసి జబ్బు పేరు రాస్తాడు. కాగితం మీద ఆయన సంతకం ఉంటుంది. ఆమె పేరు ఎక్కడా ఉండదు. ఉండాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

ఉదయగిరి మిషన్ బడిలో పదో తరగతి అయ్యాక ఆమె ఆసుపత్రిలో ఆయాగా చేరింది. ఒకరోజు వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతుంటే, టీ కోసం వచ్చిన ముసలి డాక్టరమ్మ నిలబడిపోయి, కాగితమంత పలచని ఒక ముక్కను దీపానికి అడ్డంగా పట్టుకుని చూసింది. మర్నాడే తీసుకుపోయి కోత మిషను ముందు కూర్చోబెట్టింది. రెబెకమ్మ చదువు అంతే, ఉద్యోగం అంతే.

కానీ ఈ ఎండాకాలం నుంచి కుడిచెయ్యి వణుకుతోంది. ఎప్పుడూ కాదు. దాని సంగతి తెలిసింది ఒక్క జోయల్‌కే. బడిలో అటెండరుగా రిటైరయి ఇంట్లో వంట చేస్తున్న ఆమె భర్త, ఏమీ అడగకుండానే ఒకరోజు నుంచి ఆమె గ్లాసులో టీ సగమే పోయడం మొదలుపెట్టాడు. మిగతా సగం తర్వాత వచ్చి పోస్తాడు.

పది నిమిషాలు అయ్యాయి. ట్రేలో నాలుగు దిమ్మెల్ని ఆమె ముట్టుకుంది. అయిదోదాన్ని మాత్రం అలాగే ఉంచింది. దాని అంచు మీద పెన్సిలుతో తానే రాసిన అక్షరాలున్నాయి: దేవకమ్మ, ఎడమ అరికాలు.

పక్క గదిలో డాక్టరు గొంతు వినిపిస్తోంది. దేవకమ్మ, ఆమె మొగుడు తిరుపాలు సీతారామపురం దగ్గర పల్లె నుంచి తొలి బస్సుకు వచ్చారు. గొర్రెల వాళ్లు. ఎడమకాలికి గుడ్డ చుట్టుకున్న దేవకమ్మ కుర్చీ అంచున కూర్చుంది. బొటనవేలి కింద నల్లమచ్చ ఒకటి ఏడాదిలో చింతగింజంత అయితే, సర్జను చిన్న ముక్క తీసి పంపాడు. ఆ ముక్కే అయిదో దిమ్మెలో ఉంది. సురేంద్రబాబు చూసి తేల్చలేకపోయాడు. ఇద్దరు పెద్ద డాక్టర్లకు పలకలు పంపాడు. ఒకాయన క్యాన్సర్ అన్నాడు. ఒకాయన కాదన్నాడు. క్యాన్సరే అయితే బొటనవేలితో పాటు పాదం ముందు భాగం తీసేయాలి.

"కాలు ల్యాకుండా కొండలో గొర్రెల ఎనకాల ఎవురు పోతారు సారూ?" అంటున్నాడు తిరుపాలు. "నాకా మోకాళ్లు పొయినాయి. మంద నడిచేది దీని కాళ్ల మీదే."

"అందుకే గదా తొందరపడొద్దంటున్నా. చెన్నైలో ఒక పరీక్ష ఉంది. కణం లోపల ఉండే గుర్తులు చూస్తారు."

"లోపల గుర్తులేంది?"

సురేంద్రబాబు కలం కింద పెట్టాడు. "రెండు మందలు కలిసిపోయినాయి అనుకో. గొర్రెలన్నీ ఒకటే రంగు. నీవేవో ఎట్టా కనుక్కుంటావు?"

"చెవి చూస్తాము. మాది ఎడం చెవి మీద గాటు."

"అంతే. నేను మైక్రోస్కోపులో చూసేది గొర్రె మొహం. మంచిదీ చెడ్డదీ ఒకటే మాదిరి ఉండాది. వాళ్లు చెవి గాటు చూస్తారు."

తిరుపాలు ఒప్పుకోలేదు. "దొంగలు చెవి కోసేస్తారు సారూ. అప్పుడేం జేస్తారు?"

గోడకు ఇవతల రెబెకమ్మ నవ్వుకుంది. డాక్టరు కూడా నవ్వాడు. "అందుకని ఒక్క గుర్తుతో తేల్చరు. చాలా గుర్తులు చూస్తారు. చెవి, కొమ్ము, తోక, అన్నీ. అన్నీ చూసినాక గూడా ఒక్కోసారి తేలదు. కానీ ఇప్పుడున్న చీకటి కంటే మేలు."

ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర తీసుకునే పని రెబెకమ్మది. తిరుపాలు టీకి కిందికి దిగాడు. దేవకమ్మను తన గదిలో కూర్చోబెట్టి, ఆమె ఎడమచేతి బొటనవేలు పట్టుకుని సిరా దిండు మీద అద్దబోతుంటే, మణికట్టు లోపలి వైపు పావలా కాసంత తెల్లని మచ్చ కనిపించింది. నున్నగా, మెరుస్తూ, అంచులు లాగినట్టు ఉంది.

"ఇదేంది?"

"పులిపిరి. చిన్నప్పటిది."

"సున్నం పెట్టినావా?"

దేవకమ్మ గుమ్మం వైపు చూసింది. "సున్నం, చాకలి సోడా. నూరి పెడితే రెండు దినాల్లో రాలిపోతాది. మా ఊళ్లో ఎవురికైనా నేనే పెడతాను. చెయ్యి మంచిదంటారు. అది సరేగానీ, నీ చెయ్యేందమ్మా అట్టా వణకతాంది?"

"మంచుగడ్డలు పట్టుకున్నా గదా. చలి." రెబెకమ్మ వేలిని గట్టిగా అద్ది ముద్ర వేయించింది. "అరికాలి మచ్చకు గూడా పెట్టినావా?"

దేవకమ్మ సిరా అంటిన వేలిని చీరకు తుడవబోయి, ఆగి, జుట్టుకు రాసుకుంది.

"సారు అడిగితే లేదన్నాను," అంది చివరికి. "చెప్పబాక తల్లీ. రెండు తూర్లు పెట్టినాను. మొదటి తూరి రాలిపొయింది, మళ్లా మొలిచింది. రెండో తూరి పెట్టినాకే ఇట్టా అంచులు చెదిరి నల్లంగా అయింది. నా సున్నంతోనే క్యాన్సర్ వచ్చిందని తెలిస్తే ఊళ్లో నన్ను బతకనిస్తారా? ముప్పై మందికి పెట్టినాను. మా ఆడబిడ్డ కూతురికైతే ముక్కు మీద పెట్టినాను. మొన్ననే దాని పెండ్లి కుదిరె."

రెబెకమ్మ కాగితం పక్కన పెట్టింది. మూడు పదుల ఏళ్లలో డాక్టర్లు ఒకరితో ఒకరు అనుకునే మాటలు ఆమె చెవిన చాలా పడ్డాయి. వాటిలో ఒకటి ఇప్పుడు పైకి తేలింది.

"సున్నంతో వచ్చిందని ఎవురన్నారు? నా మాట ఇను. మచ్చను సగం కాల్చి వదిలేస్తే, మిగిలిన వేరు మానిన పుండులోంచి వంకరటింకరగా మొలస్తాది. మైక్రోస్కోపులో చూస్తే క్యాన్సర్ మాదిరే ఉంటాది. కాల్చిన సంగతి తెలియకపోతే పెద్ద పెద్ద డాక్టర్లే మోసపోతారు. నువ్వు దాచిపెట్టేది సున్నం కాదు దేవకమ్మా, నీ కాలు. తిట్టు తింటావా, కాలు ఇస్తావా?"

దేవకమ్మ చాలాసేపు తన పాదం వైపు చూసింది.

"గట్టిగా తిడతాడా?"

"గట్టిగానే."

"తింటాలే," అని లేచింది.

గట్టిగానే తిట్టాడు. అరుపు మెట్ల దాకా వినిపించి తిరుపాలు టీ గ్లాసుతోనే పడుతూ లేస్తూ పైకి ఎక్కి వచ్చాడు. తర్వాత డాక్టరు చాలాసేపు మైక్రోస్కోపు మీద వంగి, పాత పలకలన్నీ మళ్లీ చూసి, చెన్నైకి వెళ్లే ఫారంలో నాలుగు వరుసలు కొత్తగా రాశాడు.

"ఇప్పుడు నాకు కాదనే అనిపిస్తా ఉంది," అన్నాడు రెబెకమ్మతో. "కానీ అనిపించిందని వదిలేయలేం. అనిపించిందని కోయనూ లేం. దిమ్మెలో ఎంత మిగిలింది?"

"సగం నువ్వుగింజ ఉంటాది సార్."

"పది పొరలు కావాలంట. దిమ్మెనే పంపేద్దామా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. దిమ్మెను వేరే మిషనుకు బిగిస్తే కత్తికి ఎదురుగా ముఖం సరిచేసుకోవడానికే ముందు కొన్ని పొరలు గీకి పారేయాలి. అంత గీకితే ఇందులో ఏమీ మిగలదు. ఈ దిమ్మె ఏ వాలులో బిగించి ఉందో ఈ మిషనుకు తెలుసు, ఆమెకు తెలుసు. జాగ్రత్తగా తిప్పితే పదిహేను పొరలు వస్తాయి. అంతకు మించి రావు.

కొత్త కత్తి వేసింది. దిమ్మెను బిగించి, ఇటుకల మీద కాళ్లు ఆనించి, మోచేతిని బల్ల అంచుకు తాకించింది. చక్రం తిప్పింది. పొర దిగింది. ఇంకొకటి. నల్లని చుక్క మైనం మధ్యలో స్పష్టంగా ఉంది. రెండింటినీ నీటి మీద వదిలి, పలకల మీదికి ఎక్కించింది. ఊపిరి వదిలింది.

మూడో తిప్పుకు చెయ్యి అదిరింది. చక్రం సగంలో తడబడి, ఒక్కసారిగా ముందుకు దూకింది. పొర సగం మందంగా, సగం చిరిగి, కత్తి అంచున నలిగిపోయింది. ఆపాలనుకునేలోగా ఇంకా నాలుగు అలాగే పోయాయి. బ్రష్షుతో ఎత్తబోతే పొడిలా రాలింది.

ఆమె చక్రం మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. దాని మీద ఎడమచెయ్యి వేసింది. పదిహేనులో అయిదు పోయాయి. రెండు దక్కాయి. దిమ్మెలో ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదీ కావాలి.

ఫోను మోగింది. పదకొండు. రోజూ ఈ సమయానికి జోయల్ ఫోను చేసి క్యారియరులో కూర ఏమిటో చెప్పమంటాడు. మూడుసార్లు తప్పు చెబితే ఆమె ఓడినట్టు. ఓడితే సాయంత్రం అంట్లు ఆమెవి. ఈ ఆట ఆయన రిటైరైన మర్నాడు మొదలైంది. ఇప్పటి దాకా ఒక్కరోజు ఆగలేదు.

"ఏం పెట్టినానో చెప్పు."

"ఏమయ్యా, చెయ్యి నిలబడల్యా." ఆమె గొంతు తగ్గించింది. "అయిదు పొరలు చెడగొట్టినాను. ఆ గొర్రెలామెది."

అవతల కుక్కరు కూత ఒకటి వినిపించింది.

"ఇంకా ఉన్నాయా?"

"ఎనిమిది."

"సారును పిలువు. ఆయన తిప్పుతాడు, నువ్వు ఎత్తు."

"పిలిస్తే తెలిసిపోతాది గదా."

"తెలియనీ," అన్నాడు జోయల్. "మాన్పిస్తే ఇంటికి రా. నేను మటుకు పగలంతా గోడతో మాట్లాడతా ఉండాను. అది ఒక్క కూర పేరు చెప్పి చావదు." ఆ తర్వాత, ఆట మొదలయ్యాక మొదటిసారిగా తానే చెప్పేశాడు. "గోంగూర. ఉల్లిపాయ పచ్చిది ఏరేగా కట్టినాను. పో, పిలువు."

రెబెకమ్మ స్టూలు దిగింది. నడవాలో బెంచీ మీద దేవకమ్మ, కాలు చాపుకుని, తిరుపాలు తెచ్చిన బన్ను తింటోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రెబెకమ్మ కళ్లు తిప్పుకోలేదు. డాక్టరు గది తలుపు తోసి, బెంచీ దాకా వినపడేట్టు చెప్పింది.

"సార్, చలి కాదు, ఏం కాదు. నా చెయ్యి వణకతా ఉండాది. నాలుగు నెలల నుంచీ. అయిదు పొరలు చెడినాయి. చక్రం మీరు తిప్పాల."

సురేంద్రబాబు కలం మూత పెట్టడం మరిచిపోయి ఆమె వైపు చూశాడు. లేచి చేతులు కడుక్కున్నాడు.

ఆయన ఎప్పుడో చదువుకునే రోజుల్లో ఆ చక్రం తిప్పాడు. ఇప్పుడు బిగుసుకుపోయి, భుజాలు ఎత్తి పట్టుకున్నాడు.

"భుజం కాదు సార్, మణికట్టు. ఆగండి, ముందు పాత దిమ్మె మీద నేర్చుకోండి."

గాల్ బ్లాడర్ దిమ్మె ఒకటి బిగించి, ఇరవై తిప్పులు తిప్పించింది. మొదటి పది తిప్పులకూ ఆమె నోటి నుంచి "ఊహూఁ" తప్ప రాలేదు. "జొన్నలు విసరతా ఉండారా సార్? తొందరేంది?" అంది పదకొండోదానికి. పదిహేనోదానికి మెచ్చుకుంది. ఆ తర్వాత దేవకమ్మ దిమ్మెను మళ్లీ పాత వాలులోనే బిగించడానికి, ముఖాన్ని కత్తికి దగ్గర చేసి, ఒక కన్ను మూసి, తన ఎడమచేతి వేళ్లతో మరలను నలుసంత ఇటు, నలుసంత అటు తిప్పింది. పావుగంట పట్టింది.

"ఇప్పుడు. మెల్లిగా. ఊపిరి బిగబట్టబాకండి, వదలండి."

పొర దిగింది. నిండుగా ఉంది. దాని వెనక ఇంకొకటి. ఎడమచేతిలో బ్రష్షు. ఆ చెయ్యి నిశ్చలంగా ఉంది. ఎనిమిది పొరల రిబ్బను కత్తి అంచు నుంచి వేలాడుతుంటే, కిటికీలోంచి వచ్చిన గాలికి చిన్నగా ఊగింది. ఇద్దరూ కదలలేదు. గాలి ఆగాక ఆమె దాన్ని బ్రష్షు మీదికి తీసుకుని, నీళ్ల మీద ఒక చివర నుంచి మెల్లగా పడుకోబెట్టింది. ముడతలు విప్పుకుంటూ ఎనిమిదీ పరుచుకున్నాయి. ఒక్కోదాని మధ్య మిరియపు పొడి రేణువంత నలుపు.

"అబ్బా!" అన్నాడు సురేంద్రబాబు. నలభై ఏడేళ్ల మనిషి, రోజుకు ముప్పై పలకలు చూసేవాడు, అవి ఇలా పుడతాయని మరిచిపోయాడు. "ఇది చూసేదానికి రోజూ నన్ను పిలవొచ్చు గదా రెబెకమ్మా!"

"పిలిస్తే మీరు తిప్పుతానంటారని," అంది ఆమె.

పది పలకలకూ పెన్సిలుతో పేరు రాసి, ఆరబెట్టి, పెట్టెలో సర్దింది. మధ్యాహ్నం కొరియరుకు అవి చెన్నై వెళ్లిపోయాయి. గోంగూర అన్నం తిన్నది. మిగతా నాలుగు దిమ్మెల పొరలనూ డాక్టరు తిప్పుతుంటే ఎత్తింది. అవి ముగిసేసరికి నాలుగు దాటింది.

"నరాల డాక్టరుకు చూపిద్దాం," అన్నాడు సురేంద్రబాబు చేతులు తుడుచుకుంటూ. "మందులున్నాయి. ముందే చెప్పి ఉంటే..."

"చెబితే స్టూలు దిగమంటారని చెప్పల్యా సార్. చూపించుకుంటాను. కానీ ఇంక కోయను. ఈ రోజు అయిదు పొరలే పోయినాయి. రేపు ఎవురిదో చివరి ముక్క మొత్తం పోతాది." కత్తిని తీసి డబ్బాలో వేసింది. "ఆమె రిపోర్టు వచ్చేదాకా ఉంటాను. రంగులు వేస్తాను, పేర్లు రాస్తాను. తర్వాత పోతాను."

ఇరవై మూడు రోజులకు రిపోర్టు వచ్చింది. ఆ మధ్యాహ్నమే తిరుపాలు, దేవకమ్మ వచ్చారు. డాక్టరు కాగితాన్ని రెండుసార్లు తనలో తాను చదువుకుని, మూడోసారి పైకి చెప్పాడు.

"చూసిన గుర్తుల్లో చెడ్డది ఒక్కటి గూడా లేదు. నువ్వు చెప్పిన సున్నం సంగతీ దీనికి సరిపోయింది. క్యాన్సర్ కాదు. కాలు కోయరు."

తిరుపాలు ముందుకు వంగాడు. "చెవులన్నీ చూసినారా సారూ?"

"అన్నీ చూసినారు."

"తోకలు?"

"తోకలు గూడా చూసినారులే. మిగిలిన మచ్చను మాత్రం చిన్నగా తీయించుకోవాలి, ఆరు నెలలకొకసారి వచ్చి చూపించాలి. ఇంకొకటి. ఇక సున్నం ముట్టుకుంటివా..."

"ముట్టుకుంటే ఒట్టు," అంది దేవకమ్మ. "పెట్టినోళ్లందరికీ చెప్పినాను సారూ. ఎవురికన్నా మళ్లా మొలిస్తే ఇక్కడికే పొమ్మన్నాను. కొంతమంది తిట్టినారు. తిన్నాను." ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. లేచి నిలబడి ఎడమపాదాన్ని నేల మీద మొత్తంగా ఆనించింది. మళ్లీ ఎత్తి, మళ్లీ ఆనించింది. దాని మీదే బరువంతా వేసి ఒక్క క్షణం నిలబడింది.

రెబెకమ్మ గుమ్మం దగ్గర నుంచే చూసింది. తర్వాత తన గదిలోకి వెళ్లి, మిషను మీద గుడ్డ కప్పి, ఏప్రాన్ విప్పి మడిచి బల్ల మీద పెట్టింది. కిటికీ మూసింది. డాక్టరు నడవాలోకి వచ్చి ఏదో అనబోయాడు.

"సీతారామపురం బస్సు మా ఉదయగిరి మీదే గదా పోయేది," అంది ఆమె ముందుగానే. "వీళ్లతోనే పోతాను సార్. తోడు ఉంటాది."

"అప్పుడప్పుడు వస్తా ఉండండి," అన్నాడు సురేంద్రబాబు. ఇన్నేళ్లలో ఆమెను మీరు అనడం అదే మొదలు. ఇద్దరూ దాన్ని గమనించనట్టే ఉన్నారు.

కింద హారన్ మోగింది. "బస్సు! బస్సు!" అంటూ తిరుపాలు కుంటుకుంటూ ముందు దిగాడు. ఆడవాళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, వణికే చెయ్యి ఏదో తెలియనంత గట్టిగా పట్టుకుని, మెట్లు దిగారు. కిటికీ పక్క సీటు నాకంటే నాకని వాళ్లు పోట్లాడుకోవడం పైకి వినిపించింది. ఎవరు గెలిచారో వినేలోగా బస్సు కదిలింది.

చీకటి పడకముందే సురేంద్రబాబు తలుపు తాళం వేయడానికి వచ్చాడు. గుమ్మం బయట, లోపలికి వచ్చేవాళ్లు విడిచే చోట, దేవకమ్మ చెప్పుల జత మిగిలి ఉంది. లారీ టైరు కోసి కుట్టినవి, మడమల దగ్గర అరిగినవి. ఎడమదానికి బొటనవేలి కింద, మచ్చ నేలకు ఒత్తుకోకుండా, తిరుపాలు కత్తితో గుండ్రంగా రంధ్రం చేసి, అంచులు గుచ్చుకోకుండా చుట్టూ గొర్రె ఉన్ని అతికించాడు.